బహ్లా సందులో నేను డ్రమ్మునైన శుక్రవారం

కోటలు చూడటానికి మనుషులకు గొప్ప గొప్ప కారణాలుంటాయి. చరిత్ర మీద ప్రేమ, పాత కట్టడాల మీద మోజు, కెమెరాలో మిగిలిపోయిన నాలుగు ఫొటోల రీలు. మా కుటుంబం మాత్రం ఒమన్ కోటల మీదికి దండెత్తింది మా వసంతక్క డ్రైవింగ్ పరీక్ష తప్పినందుకు. అదీ రెండోసారి. మూడో పరీక్ష శనివారం పొద్దున. "శుక్రవారమంతా ఇంట్లో కూర్చోబెడితే మీ అక్క పప్పుగిన్నెను కూడా స్టీరింగులాగే తిప్పుతుంది. ఎక్కడికైనా తీసుకుపోదాం పద" అని మా బావ సత్యం తీర్మానించాడు. కొత్తగా బి.కాం. పూర్తిచేసి, కాకినాడ నుంచి ఒమన్‌లో ఘుబ్రాలోని వాళ్లింటికి వచ్చి, ఉద్యోగం దొరికేదాకా కూరగాయలు తరుగుతున్న నేను ఆ తీర్మానాన్ని బలపరిచాను.

కొత్తగా వచ్చేవారి కోసం ఒక మాట. ఈ దేశంలో లైసెన్సుకు రెండు గండాలున్నాయి. మొదటిది డ్రమ్ములు: మైదానంలో ఇనప డ్రమ్ములు నిలబెడతారు, వాటి మధ్య నుంచి ఏదీ తగలకుండా కారును వెనక్కి నడపాలి. మగధీరులనేకులు అక్కడే నేలకొరిగారు. మా అక్క మొదటిసారికే గట్టెక్కింది. రెండోది రోడ్డు: పక్కన పోలీసాయన కూర్చుంటాడు, ట్రాఫిక్‌లో నడపాలి. అక్క రెండుసార్లూ రౌండబౌట్ అనే గుండ్రటి కూడలి దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనక ఎడమనుంచి ఏ బండి వచ్చినా దారి ఇచ్చింది. లారీకి ఇచ్చింది, టాక్సీకి ఇచ్చింది, కనుచూపు మేరలో వస్తున్న సైకిలుకు కూడా ఇచ్చింది. పోలీసాయన చాలాసేపు ఓపికపట్టి, "మదామ్, ఇక వెనక్కి వెళ్దాం" అన్నాడట.

నవ్వులాటకే చెబుతున్నాను గానీ, అక్కకు అది నవ్వులాట కాదు. పెళ్లికి ముందు ఆవిడ లెక్కల టీచరు. ఇక్కడికి వచ్చాక చేతికి సుద్దముక్క తగల్లేదు. ఇప్పుడు ఊరికి అటు చివరనున్న ఒక బడిలో లెక్కలకు మనిషి కావాలన్నారు. మావైపు వాళ్ల బస్సు రాదు, రోజూ టాక్సీలో వెళ్తే జీతం టాక్సీవాడికే సరిపోతుంది. నెలాఖరుదాకా ఆ చోటు ఖాళీగా ఉంచుతామని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. "ఈసారీ పోతే ఇక ఆ ఊసెత్తను" అని అక్క గురువారం రాత్రి పులిహోర కలుపుతూ అంది. ఆ పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది.

తెల్లవారుజామున ఐదింటికి బావ పాత కరోలాలో బయలుదేరాం. నాలుగు రియాళ్ల పెట్రోలు రానూపోనూ సరిపోతుంది. సీబ్ దగ్గర గడియార స్తంభం ఉన్న పెద్ద రౌండబౌట్‌లో నిజ్వా దారి పట్టాలి. అది రాగానే ముందు సీట్లో అక్క కళ్లు మూసుకుంది. "నడిపేది నేను కదే!" అన్నాడు బావ. "అందుకే మూసుకున్నా" అంది అక్క. అక్కణ్నుంచి ఫంజా, సమాయిల్, ఇజ్కీ మీదుగా కొండల మధ్య దారి. ఆ కొండల మీద గడ్డిపోచ ఉండదు. ఎండ పడేకొద్దీ ఒక్కో కొండ ఒక్కో రంగు తేలుతుంది. రెండు గంటల్లో నిజ్వా చేరాం.

శుక్రవారమే వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి. ఎందుకంటే కోట పక్కనే మేకల సంత. మన సంతల్లో మేకను కట్టేసి ఉంచితే మనం దాని చుట్టూ తిరుగుతాం. ఇక్కడ కొనేవాళ్లు గుండ్రంగా కూర్చుంటే అమ్మేవాళ్లు మేకలను పట్టుకుని వాళ్ల మధ్యన ధర అరుస్తూ తిరుగుతారు. నచ్చితే ఆపి, పళ్లు చూసి, బేరమాడతారు. ఫొటో కోసం నేను సరిగ్గా ఆ తిరిగే దారిలో నిలబడ్డాను. నడుముకు వెండి ఒర బాకు, చేతిలో సన్నటి కర్ర ఉన్న తెల్లగడ్డం పెద్దాయన ఒకరు నన్ను కిందినుంచి పైకి చూశారు. నా పళ్లు కూడా చూసేలోగా అక్క నన్ను పక్కకు లాగేసింది.

పక్క వీధిలో మలయాళీ హోటల్లో పరోటా, చాయ్ కానిచ్చి కోటలోకి వెళ్లాం. నిజ్వా కోటంటే ప్రధానంగా ఒక బ్రహ్మాండమైన గుండ్రటి బురుజు. పైకి ఇరుకు మెట్లు, మలుపు మలుపుకూ ఒక తలుపు, తలుపు నెత్తిన ఒక కన్నం. శత్రువు తలుపు బద్దలుకొడుతుంటే ఆ కన్నంలోంచి మరిగే ఖర్జూరపాకం పోసేవారట. బావకు ఇది తెగ నచ్చింది. ఆయన ఒక కంపెనీలో అకౌంటెంటు. రోజంతా పద్దుల మీదికి తల వంచి వంచి మెడ ముందే పాడైంది. అలాంటి మనిషి ప్రతి కన్నం కింద నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, "ఇక్కణ్నుంచి పోస్తే సూటిగా ముక్కు మీద పడుతుంది వసంతా!" అని శత్రుపక్షాన ఆనందించాడు. బురుజు పైకెక్కి ఊరంతా పరుచుకున్న ఖర్జూర తోటలు చూస్తుండగా మెడ పట్టేసింది. అటు తిరగదు, ఇటు తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే.

"ఇంటికి పోదామా?" అంది అక్క.

"ముందుకు నడపడానికి మెడతో పనేముందే?" అన్నాడు బావ. ఆ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

నిజ్వా నుంచి బహ్లా నలభై కిలోమీటర్లు. ఊరంతటినీ చుట్టుకుని మైళ్ల పొడవున మట్టిగోడ, మధ్యలో గుట్ట మీద మట్టికోట. మరమ్మతులు జరుగుతున్నాయి కాబట్టి లోపలికి పంపరు, బయటినుంచే చూడాలి. బయటినుంచి బాగా కనిపించేది తోటల వైపునుంచి అని ఎవరో చెబితే బావ కారును తోటల సందులోకి తిప్పాడు. ఒకవైపు మట్టిగోడ, ఇంకోవైపు ఫలజ్, అంటే తోటలకు నీళ్లు పారే రాతికాలువ. మధ్యలో ఒక కారు పట్టేంత దారి. మలుపు తిరిగి కాస్త పోయామో లేదో ఎదురుగా పికప్ బండి వచ్చి ఆగింది. వెనక మూడు మేకలు. స్టీరింగు ముందు నిజ్వా సంతలోని తెల్లగడ్డం పెద్దాయన.

ఆయన హారన్ కొట్టలేదు. చిరునవ్వుతో చెయ్యెత్తి సలాం చేశారు. బావా చేశాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మేకల మధ్యనుంచి ఒక మనిషి దిగి వచ్చాడు.

"క్యా భాయ్, పీఛే జానా పడేగా" అంటూ వచ్చి, నేను "ఇప్పుడెలా బావా?" అనడం విని ఆగాడు. "ఓర్నీ, తెలుగోళ్లా! ముందుగాల్నే చెప్పరాదు సార్?" పేరు రాజన్న, జగిత్యాల దిక్కు. కోట మరమ్మతు సైట్‌లోనే డ్యూటీ, ఆ రోజు సెలవు, ఊళ్లోకి వస్తుంటే పెద్దాయన ఎక్కించుకున్నారు. "అర్బాబ్ ఎన్కకు రాలేడు సార్, ఆయన ఎన్క ఇంకో రెండు బండ్లున్నయ్. మీరే ఎన్కకు పోవాలె. గా మూల దాటినంక జాగుంది." పెద్దవాళ్లెవరినైనా గౌరవంగా ఇక్కడ అర్బాబ్ అనే పిలుస్తారు.

బావ రివర్స్ గేరు వేశాడు. వెనక్కి చూడబోయి "అమ్మా!" అన్నాడు. అద్దాల్లో చూసి ఒక గజం నడిపాడు. వెనక చక్రం కాలువ అంచు మీదికి పోయింది. రాజన్న "ఆపుండ్రి, ఆపుండ్రి!" అని బానెట్ మీద చరిచాడు. నాకు లైసెన్సు లేదు సరికదా, నడపడమే రాదు. ఇద్దరం కలిసి అక్కవైపు చూశాం. బావయితే మొత్తం ఒళ్లంతా తిప్పి చూశాడు.

"నేనా? ఇక్కడ డ్రమ్ములేవి?" అంది అక్క.

"గోడలున్నాయి కదక్కా!"

"గోడలు కాదురా. వెనకద్దం మూలలో డ్రమ్ము కనపడగానే స్టీరింగు తిప్పాలి. నేను నేర్చుకున్నది అలాగే. డ్రమ్ములు లేకపోతే ఎప్పుడు తిప్పాలో నాకెలా తెలుస్తుంది?"

ఆ మైదానంలో నేర్చుకున్నవాళ్లందరి చదువూ ఇంతే. డ్రమ్ము కనబడితే చేతులు వాటంతటవే తిరుగుతాయి. నేను చరిత్రలో నిలిచిపోయే ఒక మాట అన్నాను: "అయితే మేమే డ్రమ్ములవుతాం."

రాజన్నకు రేపటి పరీక్ష సంగతీ డ్రమ్ముల సంగతీ చెప్పాను. అక్క నిజంగానే మమ్మల్ని నిలబెట్టింది. రాజన్న గోడ మూలన. నేను మలుపుకు అవతల, కాలువలో ఒక కాలు పెట్టి. చన్నీళ్లు. డిగ్రీ పట్టా చేతికొచ్చాక నేను పొందిన మొదటి బాధ్యతాయుతమైన పదవి అది. బావను కాలువ గట్టున నిలబెట్టింది. మా అందరిలోకీ డ్రమ్ముకు బాగా దగ్గరగా ఉన్నది ఆయనే, తల కదలదు కనక. నాలుగోది తక్కువైంది. పెద్దాయన బండి దిగి రాజన్నను విషయం అడిగారు. రాజన్న చేతులూ అరబ్బీ కలిపి చెప్పాడు. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా నడిచి వచ్చి, గోడ పక్కన ఖాళీగా ఉన్న చోట కర్ర ఆనించి, నిటారుగా నిలబడ్డారు.

అక్క సీటు ముందుకు జరుపుకుంది. చున్నీ ముడివేసుకుంది. కారు వెనక్కి కదిలింది. నావైపు వస్తున్న వెనక బంపరును చూస్తూ నేను చిన్నప్పుడు అక్క పెన్సిళ్లు విరగ్గొట్టిన సందర్భాలన్నీ గుర్తుచేసుకున్నాను. జానెడు దూరంలో స్టీరింగు తిరిగింది. బంపరు నన్ను వదిలి పక్కకు పోయింది. రాజన్నను దాటింది, మలుపు తిరిగింది, గోడ మీది మట్టి ఒక్క పెళ్ల కూడా రాలలేదు. వెడల్పాటి చోట ఆగి, ఇంజిన్ ఆపేసింది.

(లెర్నింగ్ లైసెన్సు మీద అలా నడపకూడదు. చట్టం ఒప్పదు. దయచేసి ఎవరూ అనుకరించకండి. ముఖ్యంగా నావైపు.)

పెద్దాయన పికప్ మా పక్కకొచ్చి ఆగింది. కిటికీలోంచి ఖర్జూరాల పొట్లం అక్క చేతికిచ్చి ఏదో అన్నారు. రాజన్న మేకల మధ్యనుంచి అనువాదం చేశాడు: "అర్బాబ్ ఏమంటుండంటే, అమ్మ మంచిగ తోలుతదట. అయ్యకు ముందుకు పోవుడే వస్తదట." తర్వాత సొంతంగా కలిపాడు: "రేపు పరీచ్చ అంటున్నరు గదా అక్కా, పాసైతవ్ పో. గా పోలీసాయన నీకెంత?"

బహ్లా నుంచి పది నిమిషాల్లో జబ్రీన్. టిక్కెట్టు అర రియాలు. మూడు కోటల్లో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. కోట అంటారు గానీ ఇది ప్రేమగా కట్టుకున్న ఇల్లు. మేడ మీద గుర్రానికి గది, చల్లదనం కోసం కింద పారే నీళ్లు, కప్పుల నిండా పువ్వులూ లతలూ. ఆ కప్పులు చూడాలంటే తల ఎత్తాలి. బావ తల ఎత్తలేడు. ఒక్క క్షణం ఆలోచించి ఆ గదిలో నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాపలాదారు మనిషి పోయాడనుకుని పరుగెత్తుకొచ్చాడు. బావ వేలెత్తి కప్పు చూపించాడు. కాపలాదారు తనూ పైకి చూసి, "జమీల్", అంటే అందంగా ఉందని, ఒప్పుకుని వెళ్లిపోయాడు.

అక్క బావ పక్కన కూర్చుంది. నేను కిటికీ దగ్గర ఫొటోలు తీస్తున్నట్టు నటించాను. రీలు అయిపోయి చాలాసేపైంది.

"రేపు కూడా ఆగిపోతానేమోనండీ. రోడ్డు మీద మీరెవరూ నిలబడరుగా."

"కాలువ అంచున నిలబడి చూశాను కదా వసంతా. నువ్వు మా మొహాలు చూడలేదు, సందు చూశావు. రౌండబౌట్లో కూడా బండ్లను చూడకు. సందు చూడు."

"ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఇన్నాళ్లూ నాకు మెడ తిరిగేది."

మూడున్నరకు తిరుగు ప్రయాణం. బావే నడిపాడు, శిలావిగ్రహంలా. చీకటి పడకముందే గడియార స్తంభం రౌండబౌట్ వచ్చింది. ఎడమనుంచి బండ్ల వరద. ఎడమకు చూడటానికి బావకు మెడ లేదు. పొద్దున అక్కడే కళ్లు మూసుకున్న మా అక్క ముందుకు వంగింది. "ఆగండి. ఆ ట్యాంకర్ పోనివ్వండి. ఆ తెల్ల కారు అటు తిరిగిపోతోంది, మనకు అడ్డం కాదు. ఇప్పుడు. వెళ్లండి!" బావ వెళ్లాడు. వెనక సీట్లో కళ్లు మూసుకున్నది నేను.

కోటలు కట్టినవాళ్లు వచ్చేవాణ్ని ఎలా ఆపాలన్నదే ఆలోచించారు. వంకర మెట్లు, వరస తలుపులు, నెత్తిన మరిగే పాకం. ఆ గోడల పక్కనే, ఇరుకు సందులో, ముక్కూమొహం తెలియని ఆడమనిషి ఒకావిడ బయటపడటానికి కష్టపడుతుంటే, బండి దిగి వచ్చి డ్రమ్ములా నిలబడ్డ పెద్దాయన కూడా ఆ ఊరివారే. కోట గురించి నా దగ్గర ఉన్న ఫొటోల్లో ఆయన లేరు. రీలు వేసుకునేటప్పుడు ఈసారి ఒకటి దాచి ఉంచుకుంటాను.

చివరగా ఒక పనికొచ్చే సలహా. బహ్లాలో కారును పెద్ద రోడ్డు మీదే ఆపి తోటల్లోకి నడిచి వెళ్లండి. నడవలేం, కారులోనే పోతామంటే వెనక్కి తోలగల మనిషిని వెంట తీసుకెళ్లండి. మా ఇంట్లో ఒకరున్నారు, సంతోషంగా వస్తారు. కాకపోతే ముందుగా అడగాలి. ఇక్కడ సెలవులు గురు, శుక్రవారాలు కనక శనివారం నుంచి బుధవారం దాకా ఆవిడ పొద్దున్నే కారు తీసుకుని బడికి వెళ్లిపోతుంది, బావ ఆఫీసుకు టాక్సీలో పోతున్నాడు.