సాక కల్లు కేసు

మా తమ్ముడు స్కూలు బస్సు డ్రైవరు. పదమూడేళ్లుగా నాచారంలో ఒకే బడికి నడుపుతున్నాడు. లైసెన్సు తప్ప వేరే ఆస్తి లేదు. నాకు డిగ్రీ ఉంది. దానివల్ల నాకు ఒరిగింది, ఎవరితోనైనా వాదించగలిగే నోరు. ఆ ఆదివారం అతని లైసెన్సు మీదికి ముప్పు తెచ్చింది ఆ నోరే.

రామంతాపూర్‌లో మా చిన్నమ్మ ఇంట్లో బోనాలు. అమ్మవారి ముందు సాక పోశారు. అంటే వేపమండలు పట్టుకుని నీళ్లూ కల్లూ ధారగా నేలమీద వదలడం. కుండలో మిగిలిన కల్లు మాకు ప్రసాదమే. చిన్నమ్మ గ్లాసు అందిస్తే తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు చిన్నమ్మా, అక్కను బండి మీద దింపాలె."

ఆవిడ ఊరుకుంది. నేను ఊరుకోలేదు.

"అమ్మవారి సాకరా గిది. బార్ల మందనుకున్నవా? సాక తాగితె పోలీసోళ్లు పట్కపోతరా? లోకంల లేని డ్రైవర్‌వి!"

అందరూ నవ్వారు. నలుగురూ నవ్వాక మగవాడు ఒక్క గ్లాసుతో ఆగుతాడా? మూడు తాగాడు.

మధ్యాహ్నం మూడింటికి ఉప్పల్ రింగ్‌రోడ్డు దాటాం. మెట్రో పిల్లర్ల నీడలో పోలీసులు నిలబడి ఉన్నారు. పట్టపగలు కదా, హెల్మెట్ల కోసమనుకున్నాను. ఒక కానిస్టేబుల్ ఊపిరిలో మందు కొలిచే మిషన్ గొట్టం అతని నోటి దగ్గర పెట్టి, "ఊదన్నా, ఇంకా ఊదు" అన్నాడు. ముప్పై దాటకూడదట. యాభై రెండు చూపించింది. బండి పక్కన పెట్టారు, లైసెన్సు తీసుకున్నారు. పండగ పూట కల్లుకూ బ్రాందీకీ తేడా తెలియని వాళ్లకు మిషన్లు ఎవరిచ్చారని నేను రోడ్డు మీదే గొడవకు దిగాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు. దారంతా ఒక్క మాట అనలేదు.

బడికి ఫోన్ చేసి జ్వరమని చెప్పమన్నాను. చెప్పాడు. అతను ఇంట్లో కూర్చున్న ఆ వారం నాకు కూర్చోబుద్ధి కాలేదు. గిన్నెలు తోముతూ, ఇంకా చూడని కోర్టు జడ్జితో వాదించేదాన్ని. కూర మాడితే జడ్జి మీదే కోపం. రోజుకు రెండుసార్లు వాళ్లింటికి నడిచి వెళ్లి, గుమ్మంలోంచే "ఏమన్న కబురొచ్చిందా?" అని అడిగి వెనక్కి వచ్చేదాన్ని.

కోర్టుకు ముందు కౌన్సెలింగ్ ఉంటుంది. ఇంట్లో వాళ్లను ఒకరిని వెంట తీసుకురావాలి. మరదలు పుట్టింట్లో ఉంది. నేనే వెళ్లాను. హాలు నిండా తలలు వంచుకున్న మగవాళ్లు, వాళ్ల పక్కన వాళ్లకంటే ఎక్కువ సిగ్గుపడుతున్న ఆడవాళ్లు. యాక్సిడెంట్ల వీడియోలు చూపించాక ఇన్‌స్పెక్టర్ మా వరుసకు వచ్చి నన్ను చూశాడు.

"ఇంట్ల ఆడోళ్లు గట్టిగుంటె గిట్లయితదా అమ్మా?"

"ఆడోళ్లు గట్టిగున్నందుకే అయింది సార్. వద్దంటె నేనే తాపిన."

హాలంతా వెనక్కి తిరిగింది. మొదలుపెట్టాక ఆగడం నాకు రాదు. "అయినా అది మందు గాదు. సాక. ప్రసాదం."

"మిషన్‌కు ప్రసాదమేందో క్వార్టరేందో ఎట్ల ఎరుకైతదమ్మా?" అన్నాడాయన. అంతసేపూ తలలు వంచుకున్న మగవాళ్లంతా తలలెత్తి నవ్వారు. తమ్ముడు ఒక్కడే నవ్వలేదు.

కోర్టు రోజు పొద్దుటే అతనికి పాఠం చెప్పాను. "ఏం పనని అడిగితె ప్రైవేటు జాబను. బస్సు మాట ఎత్తకు. పిల్లల బస్సని తెలిస్తె లైసెన్సు ఉంచరు." సరేనని తలూపాడు. జడ్జిగారు అడిగారు. తమ్ముడు చేతులు కట్టుకుని, "స్కూల్ బస్ డ్రైవర్ సార్" అన్నాడు. నేను బెంచీ మీంచి సగం లేచాను. తలుపు దగ్గరి కానిస్టేబుల్ వేలితోనే కూర్చోమన్నాడు. జరిమానా, లైసెన్సు మూడు నెలలు సస్పెన్షన్. అంతా కలిపి నేను కొంగు సర్దుకునేంతసేపు కూడా పట్టలేదు.

బయటికి రాగానే అందుకున్నాను. "నోట్లె ఏం బెట్టుకున్నవ్‌రా? ఏం జెప్పిన నీకు?"

"కేసు కాయిదం మీద నా పని రాసే ఉంది గదక్కా. ఆయన సదువుకున్నోడు."

అక్కడి నుంచి నేరుగా బడికి వెళ్లి మేనేజర్‌కు కేసు సంగతీ, జ్వరం అబద్ధమనీ చెప్పేశాడు. నేను పక్కనే నిలబడి పదమూడేళ్లలో ఒక్క గీత పడని బస్సు గురించి ఉపన్యాసమిచ్చాను. మేనేజర్ అంతా విన్నాడు.

"స్టీరింగ్ ఇయ్యలేనమ్మా. తల్లిదండ్రులు ఊకుంటరా? గావాల్నంటె డోరుకాడ నిలవడి పిల్లల్ని ఎక్కిచ్చుకోమను. మూడు నెలలైనంక సూద్దాం."

"సూద్దామంటె ఏంది సార్? ఇస్తరా, ఇయ్యరా?"

"సూద్దామంటె సూద్దామే."

ఇప్పుడు రెండో నెల. అతని సీట్లో చర్లపల్లి వైపు నుంచి వచ్చిన కొత్త డ్రైవరున్నాడు. బాగా నడుపుతాడట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు నిలవడం లేదు. కొత్తవాడు బాగా నడిపితే మావాడికి సీటు తిరిగి ఎందుకిస్తారు? నిన్న సాయంత్రం నాలుగింటికి పనేమీ లేకపోయినా వెళ్లి మెయిన్‌రోడ్డు స్టాపులో నిలబడ్డాను. బస్సు ఆగింది. తమ్ముడు దిగి, ఒక చిన్నపిల్ల బ్యాగు తన భుజానికి తగిలించుకుని, రోడ్డు దాటించి, వాళ్ల నానమ్మకు అప్పగించి వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఒక్కసారి తిట్టరాదురా నన్ను. నీ అసుంటి మొగోడు గిన్ని దినాలు మూతి బిగవట్టుకోని ఉంటె నా పానం ఉడుకుతుంది."

ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి వెనక్కి చూశాడు.

"తిడితె నీకు నిమ్మళమైతదక్కా. గందుకే తిడ్తలేను."

బస్సు రేకు మీద రెండుసార్లు చరిచాడు. కొత్త డ్రైవరు పోనిచ్చాడు. అది మలుపు తిరిగేలోగా నాకు నాలుగు జవాబులు తోచాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు.