ఝాన్సీ చెప్పిన తాడు కథ

భావనపాడు అంగన్‌వాడీలో లీలారాణి టీచరు పన్నెండేళ్లుగా పిల్లలకు మాటలు నేర్పుతోంది. ఆమె దగ్గర ఒక గోనెసంచి ఉంటుంది. అందులో పడవల వాళ్ల ఇళ్లలో దొరికే వస్తువులే: కొబ్బరిచిప్ప, దువ్వెన, వల తాడు ముక్క. పిల్లలు కళ్లు మూసుకుని ఒకటి తీయాలి, దాని మీద కథ చెప్పాలి.

తిత్లీ తుఫానుకి ముందటేడు చేరిన నాలుగేళ్ల ఝాన్సీ నాలుగు నెలలు నోరు విప్పలేదు. తల్లుల మీటింగు రోజున మాత్రం తాడు తీసి గడగడా చెప్పేసింది.

"మా అయ్య ఇలాటి తాడుతోటే అమ్మని గుంజకి కట్టీసినాడు. కొట్టినాడు. అమ్మ నోట్లోంచి నెత్తురొచ్చింది."

పిల్ల మాట్లాడిందన్న సంబరంలో, గుమ్మంలో ఇరవైమంది తల్లులు వింటున్నారన్నది లీలారాణి మరిచిపోయింది. "అప్పుడేటైందమ్మా?" అని ఇంకా అడిగింది.

మధ్యాహ్నానికల్లా ఆ కథ పడవల రేవు చేరింది. మర్నాడు పొద్దున్నే ఝాన్సీ తండ్రి కూర్మయ్య తెడ్డు పట్టుకుని వచ్చాడు.

"ఏటే టీచరమ్మా, కథలు నేర్పమంటే నా ఇంటి గుట్టు రేవులో పెడతావా?"

మొదటి దెబ్బకి నల్లబల్ల పగిలింది. రెండోది లీలారాణి అడ్డం పెట్టిన చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పిల్లలంతా విన్నారు. కూర్మయ్య కూతుర్ని జుట్టు పట్టి లేపాడు.

"అబద్ధమని సెప్పు! సెప్పకపోతే సంపీస్తాను."

ఝాన్సీ గౌను తడిసిపోయింది. పెదవులు మళ్లీ అతుక్కుపోయాయి. చెయ్యి వేలాడుతున్నా లీలారాణికి ఒకటే భయం: ఈ పిల్ల ఇక ఎప్పటికీ మాట్లాడదు.

అరుపులు విని ఝాన్సీ తల్లి దాలమ్మ పరుగెత్తుకొచ్చింది. వీపు మీది చీర లాగేసి, చేరిన జనానికి తాడు వాతలు చూపించింది.

"సూడండర్రా! నా పిల్ల సగమే సెప్పింది."

కూర్మయ్య పిల్లని వదిలి పెళ్లాం మీదికి దూకాడు. అంగన్‌వాడీలో ఇచ్చే కోడిగుడ్ల కోసం గిన్నెలు పట్టుకొచ్చిన ఆడవాళ్లు అతన్ని ఇసకలోకి ఈడ్చి, గిన్నెలతో, చెప్పులతో మోదారు. "రారా మగోడా, ఇప్పుడు కట్టు సూద్దాం!" అతని చెవి చిట్లింది. ఒక కన్ను మూసుకుపోయింది. లీలారాణి ఆపమనలేదు. ఇంకో దెబ్బ పడితే బాగుండుననే అనుకుంది.

ఝాన్సీ వాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరి తండ్రి తల మీద పడింది.

"మా అయ్యని సంపీకండి! సంపీకండి!"

అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ పిల్ల అంత గట్టిగా అరవగా ఊళ్లో ఎవరూ వినలేదు.

"సాలు. పోలీసులకి ఫోన్ సెయ్యండి," అంది లీలారాణి. ముందే తను అనవలసిన మాట పసిదానితో అనిపించానని, దాని ముఖం చూడలేక తల వంచుకుంది.