ఇనుమును వినే మనిషి

మా నాన్నది పాత పనిముట్ల కొట్టు. రెండు మేడల మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది. గోడకు వేలాడే రంపాలు భుజానికి తగలకుండా కాస్త పక్కకు తిరిగి నడవాలి. కొత్త సరుకంటే ఆయనకు ఒళ్ళుమంట. కొత్త ఉలి కొత్త అల్లుడి లాంటిదనీ, మెరుపు తప్ప పనికి ఎంతవరకు వస్తుందో ఎవరికీ తెలియదనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట అల్లుళ్ళకు కూడా చెప్పేవాడు.

ఎక్కడైనా పాత ఇల్లు కూలుస్తున్నారన్నా, ముసలి మేస్త్రి ఎవరైనా పని మానేశాడన్నా సంచీ భుజాన వేసుకుని బయలుదేరేవాడు. అక్కడ తుప్పు పట్టిన కుప్ప ముందు గొంతుక్కూర్చుంటే ఇక లేవడు. చెక్కను నున్నగా చేసే తోపడాను తిరగేసి, అడుగు ఎక్కడ అరిగిందో చూసి, దాన్ని వాడినవాడు నిదానస్తుడో తొందరమనిషో చెప్పేవాడు. రంపాన్ని వంచి వదిలేసేవాడు. తిరిగి తిన్నగా నిలబడితే సంచీలోకి, రవ్వంత వంకర మిగిలినా మళ్ళీ కుప్పలోకి. ఉలి అంచు మీద ఆకురాయి పెట్టి ఒక్కసారి లాగేవాడు. ఆకురాయి జారిపోతే మంచి ఉక్కు, కొరికితే మెత్తది. తెచ్చిన దేన్నీ ముందు తాను వాడి చూడకుండా అమ్మేవాడు కాదు. కొట్టు వెనక ఒక బల్ల, దాని మీద ఎప్పుడూ ఒక చెక్క. ఆ చెక్క మీద చిత్రిక పట్టిన పొట్టు ఉల్లిపొరలా లేచేదాకా తోపడా అమ్మకానికి వచ్చేది కాదు.

ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. నేనూ నేర్చుకున్నాను. చదువు అయిపోయిన దగ్గర్నుంచి తుప్పు గీకడం, సాన పట్టడం నా పనే. కానీ నాన్నకు పేరు తెచ్చింది చెవి. సుత్తి తలకాయ కన్నంలోంచి తాడు దూర్చి, గాలిలో వేలాడదీసి, చిన్న ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగుతూ పోతే లోపల ఏ దోషమూ లేనట్టు. టప్పుమని ఆగిపోతే కంటికి కనబడని పగులేదో ఉన్నట్టు. అలాంటిదాన్ని ఎంత బతిమాలినా ఇచ్చేవాడు కాదు. పగిలిన సుత్తి ఏదో ఒక రోజు ముక్క విసురుతుంది, అది ఎవరి మొహం మీదికి వస్తుందో తెలియదు అనేవాడు.

అరవై దాటాక ఆ చెవులే మొరాయించాయి. ముందు ఎడమది, తర్వాత రెండూ. పిలిస్తే పలకడం మానేశాడు. కూరలో ఉప్పు తక్కువైందని తను పక్కింటావిడతో గొణిగినా వినబడేది గానీ, నీళ్ళు పట్టమంటే మాత్రం చెవుడని అమ్మ దెప్పేది. అదంతా నవ్వులాటగానే సాగింది. కొట్లో మాత్రం నాకు నవ్వు రాలేదు. ఒకరోజు పగిలిన సుత్తిని కొట్టి, తల ఊపి, పక్కన పెట్టబోయాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నాను. నాకు తెలియకుండానే తల అడ్డంగా ఊపాను. ఆయన నా మొహం చూశాడు. చెయ్యి ఆగింది. "ఇది పనికిరాదు" అని దాన్ని మూలకు విసిరేశాడు.

ఆ రోజు నుంచి అదొక పద్ధతయిపోయింది. ఆయన కొట్టేవాడు, నేను వినేదాన్ని. బాగుంటే తల కిందికి, బాగా లేకపోతే అడ్డంగా. కొనడానికి వచ్చినవాళ్ళ భుజాల మీదుగా జరిగిపోయేది వ్యవహారం. మూడేళ్ళలో దాని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆయన పరువు నా తలకాయలో ఉందని ఇద్దరికీ తెలుసు.

నాకు నోరెక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆయన వెంట ఏడాది పడ్డాను. చివరికి ఒప్పుకున్నాడు. నేను ముందే వెళ్ళి వరసలో కూర్చున్నాను. మా వంతు వచ్చింది, పోయింది, మనిషి రాలేదు. ఇంటికొచ్చి అడిగితే అమ్మ ముందే అన్నాడు, నా చెవులకేం నిక్షేపంగా ఉన్నాయి, నీ నోటికే ఏదైనా మందు చూడమను అని. అమ్మ నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ వచ్చాడు. బాబాయ్ అంటే నాన్నకు తమ్ముడు కాడు, చిన్నప్పటి నుంచీ నేస్తం. వడ్రంగి. తలుపులూ బీరువాలూ చేస్తాడు. వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతల. నన్ను భుజాన మోసి తిప్పిన మనిషి. మంచి పాత సుత్తి కావాలి, పిడి నేనే చేసుకుంటాను అన్నాడు. నాన్న మురిసిపోయి, ఆ వారమే తెచ్చిన సుత్తి తలకాయ ఒకటి తీశాడు. చేత్తో సాగగొట్టిన పాతకాలపు ఉక్కు, చూడముచ్చటగా ఉంది. తాడు దూర్చి, వేలాడదీసి, కొట్టాడు.

టప్పుమంది. నేను విన్నాను. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నాన్న నా వైపు చూశాడు. నేను తల వంచుకుని చేతిలోని ఉలి మీద తుప్పు గీకుతున్నాను. మళ్ళీ కొట్టాడు. ఇంకా గట్టిగా గీకాను. ఒక్క మాట అడిగితే చాలనుకున్నాను. "నీకెలా వినబడిందమ్మా" అని ఒక్కసారి, తన నేస్తం ముందర, నోరు తెరిచి అడగాలి. నిక్షేపంగా ఉన్నాయిగా చెవులు, వాటినే అడుగు అనుకున్నాను. బాబాయ్ కూడా ఒకసారి నా వంక చూసినట్టు గుర్తు. నాన్న కడ్డీ బల్ల మీద పెట్టేశాడు.

"బాగుందిరా, తీసుకెళ్ళు" అన్నాడు.

బాబాయ్ దాన్ని సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం వాళ్ళింటికెళ్ళి వెనక్కి తెచ్చేద్దామనుకున్నాను. ఎలాగూ పిడి తొడగాలి కదా, ఒక్క రోజులో ఏమవుతుంది. సాయంత్రానికి కోపం తగ్గలేదు. నాన్న నాతో మాట్లాడలేదు, నేనూ ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. పొద్దున్నే వెళ్దామనుకున్నాను. పొద్దున కొట్టు తెరిచి, ఊడ్చి, ఇక బయలుదేరుదామని చెప్పులు వేసుకుంటుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. బాబాయ్ రాత్రికి రాత్రే పిడి తొడిగాడట. పొద్దున్నే మేకు కొడుతుంటే సుత్తి అంచు చిట్లి ముక్క లేచింది. కుడి కన్ను.

కన్ను నిలవలేదు.

ఆసుపత్రిలో నాన్న బాబాయ్ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన పాదాలు పట్టుకున్నాడు. నాకు వినబడటం లేదురా, మూడేళ్ళ నుంచి వినబడటం లేదు, అని అందరి ముందూ చెప్పాడు. నేను ఏడాదిగా ఆ మాట కోసమే ఆయన్ని పీక్కుతిన్నాను. గది బయట వరండాలో నిలబడి అది విన్నాను. నా బతుకులో అంతకన్నా పాడుమాట వినలేదు.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తనే వెళ్ళాడు. చెవిలో మిషన్ పెట్టించుకున్నాడు. దానిలో లోకమంతా రేకుల కప్పు మీద రాళ్ళు పడ్డట్టు వినబడుతోందట. సగం రోజులు తీసి జేబులో వేసుకుంటాడు. సుత్తులు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. ఉన్నవన్నీ పాత ఇనుము బండికి వేసేశాడు, మంచివీ చెడ్డవీ చూడకుండా. కొట్టుకు ఎవరొచ్చినా ముందు ఆ కథే చెబుతాడు. నా చెవి వాడి కన్ను తీసింది అంటాడు. నా మీద ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నేను తల వంచుకున్న సంగతి ఆయనకు గుర్తుంది. నాకూ వినబడలేదనీ, పాపం ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాననీ అనుకుంటున్నాడు.

మూడు నెలలు మోశాను. ఇక నావల్ల కాక ఒకరోజు బాబాయ్ పని చేసుకునే షెడ్డుకు వెళ్ళాను. ఆయన ముక్కాలిపీట ఒకటి బిగిస్తున్నాడు. బీరువాల పని మానేశాడు. ఒంటికంటితో దూరం అందడం లేదు. ఎడమచేతి వేలితో మేకు తలను తడిమి, సుత్తిని నెమ్మదిగా దాని మీదికి తెచ్చి ఆనించి, అప్పుడు ఎత్తి కొడుతున్నాడు. అయినా రెండు దెబ్బలకు ఒకటి చెక్క మీద పడుతోంది. ఒకప్పుడు మాటల్లో పడి, మేకు వంక చూడకుండా కొట్టేవాడు.

నన్ను చూసి పీట పక్కకు జరిపి కూర్చోమన్నాడు. ఒకటి చెప్పాలి బాబాయ్ అన్నాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు.

"మీ తండ్రీకూతుళ్ళ సంగతి నాకెప్పుడో తెలుసమ్మాయ్. వాడు కొట్టడం, నువ్వు తలూపడం. రెండేళ్ళ నుంచి చూస్తున్నా."

ఆయన మరో మేకు ఏరుకున్నాడు.

"ఆ రోజు నువ్వు తల కిందికీ ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. తండ్రి మీద అలిగావనుకున్నా. పగులుంటే చెప్పకుండా ఉంటుందా మన పిల్ల, అనుకుని తీసుకెళ్ళా. నీకూ వినబడలేదన్నమాట. దానికి బాధపడకు. ఆ వీధి గోలలో ఎవరికి వినబడుతుంది."

ఆ మాటతో లేచి వచ్చేయొచ్చు. ఆయన దారి చూపించాడు కూడా. కానీ ఆయన నమ్మింది నాన్న చెవిని కాదు, నన్ను. నమ్మి, ఆ సుత్తి సంచీలో వేసుకున్నాడు.

"విన్నాను బాబాయ్" అన్నాను. "పగిలిందని నాకు తెలుసు. నాన్న నన్ను అడగాలని ఊరుకున్నా."

ఆయన సుత్తి కింద పెట్టాడు. మిగిలిన కంటితో నన్ను చూశాడు. తిడతాడేమో, కొడతాడేమో అని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. బల్ల మీది మేకులన్నీ ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు. ఒకటి చేతికి అందక రెండుసార్లు పక్కన తడిమాడు. నేను అందించబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ నాన్నకి చెప్పకు" అన్నాడు. "చెవి వల్ల పోయిందనుకుంటే ఎలాగో బతుకుతాడు. ఇది తెలిస్తే బతకడు."

సరేనన్నాను.

"నువ్వు కొన్నాళ్ళు ఇటు రాకమ్మా."

అది జరిగి రెండేళ్ళు దాటింది. రమ్మని ఆయన కబురు పెట్టలేదు, నేను వెళ్ళలేదు. నాన్న మాత్రం ప్రతి ఆదివారం వెళతాడు. ఆ షెడ్డులో కూర్చుని, మేకు ఎక్కడుందో చెబుతూ ఉంటాడట. బయలుదేరే ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ప్రతిసారీ నన్ను అడుగుతాడు. వాడు నిన్ను ఎత్తుకుని పెంచాడు, తప్పు చేసింది నేను, నువ్వెందుకు మొహం చాటేస్తావు, అంత రాతిగుండె ఏమిటే నీది అంటాడు. పనుంది నాన్నా అంటాను. మిషన్ జేబులోనే ఉంటుంది కాబట్టి ఆయనకు వినబడదు. మళ్ళీ అడుగుతాడు. దగ్గరికెళ్ళి, చెవిలో, గట్టిగా చెబుతాను.