మచ్చలక్క అతికించిన వీధి

ఇరవై ఏళ్లలో మచ్చలక్క కంప్యూటర్లో తుడిచిన మొటిమలన్నీ కుప్పపోస్తే మూడంతస్తుల మేడ లేస్తుంది, పిట్టగోడతో సహా. ఆవిడ చేతిలో పడ్డ పెళ్లికొడుకెవడూ ఆవిడ పనిచేసే ఫొటో స్టూడియో నుంచి బట్టతలతో బయటికి పోలేదు. చదువు తొమ్మిదితో ఆగింది. పదో తరగతి పుస్తకాలే ఆవిణ్ణి చూసి జడుసుకుని ఉంటాయి.

ఆ పనిలో మొదటి పాఠం ఒకటుంది: మనిషిని ఎక్కణ్ణించి తెచ్చి అతికించినా, ఫొటోలో నీడలన్నీ ఒకే వైపు పడాలి. ఆ పాఠం పదిమందికి నేర్పిన మనిషే, ఒక ఎండాకాలం సెలవునాడు డాబా మీద కెమెరా స్టాండు వేసి, పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా వీధిని ఫొటోలు తీసింది. నెల్లాళ్లు కూర్చుని, దారిన పోయిన అరవై ఒక్కమందినీ ఒకే ఫొటోలోకి చేర్చింది. ఎవరి నీడ వాళ్లకే ఉంచేసింది.

అందులో అత్తగారు కూడా ఉంది. మోకాళ్ల నొప్పులని మెట్టు దిగని మనిషి, షుగరని తీపి ముట్టని మనిషి, నడివీధిలో పుల్లైసు చప్పరిస్తూ!

"నేనెక్కడ దిగానే? నువ్వే నన్ను కంప్యూటర్లో అతికించావు!" అని ఆవిడ లబోదిబోమంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పింది.

ఊరి హాల్లో కళా ఫొటోల పోటీ పెట్టారు. కంప్యూటర్లో మార్చిన బొమ్మలకి ఒక గోడంతా ఇచ్చారు. మచ్చలక్క తన వీధి బొమ్మ పెడతానంది.

"నీకెందుకమ్మా కళ? మొటిమలు చూసుకో" అన్నాడు స్టూడియో ఓనరు.

"మొదటి బహుమతొస్తే నా బొమ్మలకి వారానికి రెండ్రోజులు వదుల్తారా?"

"మూడు వదుల్తా! రాకపోతే మాత్రం మళ్లీ కళ మాట ఎత్తకూడదు."

పోటీనాడు జడ్జిగారు కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "నీడలు తలో దిక్కూ! అఆలు రానివాళ్ల పని. దించెయ్యండి."

"అవి తప్పులు కావు సార్, గంటలు" అంది మచ్చలక్క. "ఎవరి నీడైనా అడగండి."

"ఈ బక్కాయన?"

"పొద్దున్న ఏడు. నీడ ఆయనకి మూడింతలుంది చూడండి."

"ఏడే సార్!" అని గుంపులోంచి టైలరు అరిచాడు. "షట్టరెత్తే టైము. పుట్టి బుద్ధెరిగాక నేనింత పొడుగు ఎప్పుడూ లేను!"

జనం ఎగబడ్డారు. "నాది సాయంత్రం ఐదు!" "ఒరేయ్, పదకొండింటికి నువ్వు ట్యూషన్లో ఉండాలి కదరా!"

జడ్జిగారు తగ్గలేదు. "మరి ఈ ముసలావిడకి నీడే లేదు. అంటే ఈవిడ అక్కడ లేదు, ఊరికే అతికించావు. గంటల కథ కూడా అబద్ధమే!"

"ఉంది సార్, కాళ్లకిందే. మిట్టమధ్యాహ్నం పన్నెండు."

"సాక్షి ఎవరు?"

వీధి వీధంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అత్తగారి వైపు తిరిగింది. ఇన్నాళ్లూ కాదని ఒట్టేసిన మనిషి ఇప్పుడేం చెబుతుంది?

అత్తగారు చేతికర్ర కొడుక్కిచ్చింది. చకచకా నడిచొచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"నేనేనయ్యా. పన్నెండింటికే. రోజూ దిగుతా. ఐసుబండి పోతుందనుకుంటే పరిగెడతా కూడా!"

"అమ్మా! కోడలు డాబా మీద ఉందని తెలిసి కూడా దిగావా?" అన్నాడు కొడుకు.

"కెమెరా వీధిని చూస్తుంది గానీ నన్నెందుకు చూస్తుందనుకున్నాన్రా!"

ఆ నవ్వులకి హాలు పైకప్పు రెండంగుళాలు లేచి మళ్లీ కూర్చుందని చూసినవాళ్లు చెబుతారు. జడ్జిగారు రెండు కళ్లజోళ్లూ తీసేసి, ఉత్త కళ్లతో బొమ్మని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. మొదటి బహుమతి చీటీ తనే స్వయంగా అంటించాడు.

"సోమ, మంగళ, బుధ" అంది మచ్చలక్క, నోరు తెరిచి నిలబడ్డ ఓనరుతో.

బుధవారం పొద్దున్నే అత్తగారు గుమ్మంలో పట్టుకుంది. "బహుమతి వచ్చిందిగా. నా చేతిలో ఐసొక్కటీ తుడిచెయ్యవే. చుట్టాలు చూస్తారు."

"ఇవాళ నాకు తుడిచే పని లేదత్తయ్యా" అని మచ్చలక్క స్టాండు భుజానేసుకుని డాబా ఎక్కింది.