కొట్టు తాళంచెవి

ఈజిప్టులో మిన్యా దగ్గరి ఒక పల్లె చర్చిలో, బలిపీఠం మీది రొట్టె కోసం జనం తెచ్చిచ్చే గోధుమపిండి కొట్టుకు వనీసే కాపలా. పాతికేళ్లుగా, కాల్చే రోజున ఉపవాసముండి, కీర్తనలు చదువుతూ ఆ రొట్టె కాల్చేదీ అతనే. ఆ పిండిలోంచే మొగుడు పోయిన దమియానాకి ఎవరికీ చెప్పకుండా దోసెడు దోసెడు ఇస్తూ వచ్చాడు. ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసాల్లో మనసు పీకుతుంటే తాళంచెవి తెచ్చి పాదిరి ముందు పెట్టాడు.

"దేవుడి పిండి దమియానాకి ఇచ్చేశాను, అబూనా. నేను దొంగనా?"

"పేదరాలికి పెడితే దొంగతనమేంట్రా?" అని కసిరాడు పాదిరి. ఆ వెంటనే, "దేవుడి పిండి నీ ఇష్టమేంట్రా?" అని మండిపడ్డాడు.

వనీస్ బుర్ర తిరిగిపోయింది. "ఏదో ఒకటి తేల్చి చెప్పండి!"

పాదిరి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

"పాతికేళ్లుగా ఇక్కడే ఉండి, ఒక్కసారీ ఆ కొట్టు తలుపు తీసి చూడనివాణ్ణి నేను. నిన్నేమని అడగనురా?"