దేవుని గూట్లో మాత్రల సీసా

మా పాపకు నాలుగో ఏట ఒళ్లంతా నీరు పట్టింది. పొద్దున్నే కళ్లు తెరుచుకునేవి కావు. కాలిమీద వేలితో నొక్కితే సొట్ట అలాగే ఉండిపోయేది. నందికొట్కూరు నుంచి కర్నూలుకు తీసుకుపోతే, డాక్టరుగారు మూత్రం కాచి చూసి మూత్రపిండాల జబ్బన్నారు. మద్రాసు నుంచి కొత్తగా వస్తున్న మాత్రలు రాసిచ్చారు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది అది.

రెండు వారాల్లో నీరు దిగింది. పాప మళ్లీ పాపలా కనిపించిన ఆ కొద్ది రోజులను ఇప్పటికీ తలుచుకుంటాను. తరువాత ఆకలి పెరిగింది. జొన్నరొట్టె తిన్న అరగంటకే మళ్లీ అడిగేది. బుగ్గలు ఉబ్బి మొహం గుండ్రమైంది.

"బిడ్డ శానా ఒళ్లు చేసిందే, ఏం పెడతాండావమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగేవాళ్లు. అత్త రోజూ దిష్టి తీసేది.

అది ఒళ్లు కాదు, మందు తెచ్చిన ఉబ్బు. డాక్టరుగారు ముందే చెప్పారు. "ఒంట్లో పుట్టవలసినదాన్ని బయటినుంచి ఇస్తున్నామమ్మా. ఒళ్లు తన పని మరిచిపోతుంది. తగ్గించేటప్పుడు నేనే కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు." అనంతపురంలో బి.ఏ. చదివినదాన్ని. ఆ మాట చీటీ వెనక రాసుకున్నాను కూడా.

మూడో నెలలో తోడికోడలి కూతురికి ఆటలమ్మ పోసింది. గడపకు వేపాకు కట్టారు. తాలింపు మానేశారు. అత్త మాత్రల సీసా తీసి దేవుని గూట్లో పెట్టింది.

"అమ్మ ఇంట్లో ఉండంగా ఎవురూ మందు మింగకూడదు."

"పాపకు ఆపకూడదత్తా. డాక్టరు గట్టిగా చెప్పినాడు."

"డాక్టరు యాడుండాడు? కర్నూల్లో ఉండాడు. అమ్మ ఈడ, మనింట్లో ఉండాది. అయినా దానికేమొచ్చిందే, గుమ్మడికాయ మాదిరి ఉండాది! ఐదు దినాలు. ఆ పిల్లకు తలకు నీళ్లు పోసినాంక నువ్వే ఇచ్చుకో, నేను అడ్డమొస్తానా?"

మా ఆయన పత్తి అమ్మడానికి ఆదోని వెళ్లి ఉన్నారు.

రెండోరోజు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే గూట్లోంచి ఒక మాత్ర తీసి పిడికిట్లో పట్టుకున్నాను. పక్కగదిలో ఆటలమ్మ పోసిన పిల్ల వేపమండతో ఒళ్లు రుద్దుకుంటూ మూలుగుతోంది. నేను మందు వేసినందుకు అమ్మ ఆగ్రహించి ఆ పిల్ల కళ్లకేమైనా అయితే? ఆ భయం అత్తది కాదు, నాదే. మాత్రను మళ్లీ సీసాలో వేశాను.

నాలుగోరోజు పాపకు వాంతులయ్యాయి. రొట్టె కోసం ఏడ్చే పిల్ల నీళ్లు కూడా వద్దంది. చేతులు చల్లబడ్డాయి. మెడ నిలపలేకపోయింది. అప్పుడు అత్తే పరుగున సీసా తెచ్చింది. "ఇయ్యమ్మే, ఇయ్యి. తప్పు నాదని అమ్మకు మొక్కుకుంటా" అంది. మింగించిన మాత్ర వాంతిలోనే వచ్చేసింది. బస్సు కర్నూలు చేరకముందే పాప నా ఒళ్లో పోయింది.

తోడికోడలి కూతురు మచ్చ కూడా లేకుండా లేచింది. ఇప్పుడు బడికి పోతోంది. అమ్మవారి చిత్తమని ఇంట్లో అందరూ అంటారు. అత్తను తప్పుపట్టలేను. మాత్రను తిరిగి సీసాలో వేసిన పిడికిలి నాది కదా.

రెండోవాడికి ఇప్పుడు పది నెలలు. బుగ్గలు బూరెల్లా ఉన్నాయని అందరూ ముద్దు చేస్తారు. అందరూ పడుకున్నాక లాంతరు దగ్గరికి జరిపి, వాడి కాలిమీద బొటనవేలితో నొక్కి చూస్తాను. సొట్ట పడదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి చూశాను.