నడిమి పుట ఖాళీగా వదిలిన సారు

సారు పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. చేసింది నాతో బి.ఎ. చదివిన అరసికెరె స్నేహితురాలు. "సారు ఎల్లిపోయినాడు పాపా" అంది. తర్వాత "నీ దగ్గర ఆ పుస్తకం ఉండాదా?" అంది. ఎలా పోయారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. లేచి వెళ్లి అలమర తెరిచి చూసుకున్నాను. ఉంది.

ఆయన కన్నడ రాష్ట్రంలోని పావగడ కాలేజీలో మాకు అర్థశాస్త్రం చెప్పారు. తొంభైల మొదటి సంవత్సరాలవి. వాన ఒక ఏడు మోసం చేస్తే మరుసటి ఏడు ఆశ పెట్టి మోసం చేసేది. మేమంతా ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివి, కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాల ముందు నోరు వెళ్లబెట్టిన పిల్లలం. వాటిలో ఏ ఉదాహరణ తీసుకున్నా కాఫీ, మోటారు కార్లు. సారు ఒక వేసవి సెలవులన్నీ కూర్చుని కన్నడంలో తానే చిన్న పుస్తకం రాశారు. అందులో ధర పడిపోవడమంటే నూనె మిల్లు ముందు మూటల బండ్లు బారులు తీరిన రోజు. ఒకటి లేకపోతే దాని బదులు ఇంకొకటి వాడటమంటే, నూనె తీసిన శెనక్కాయ చెక్క దొరకని ఏడు గొర్రెలకు తుమ్మకాయలు రాల్చడం.

అచ్చు వేసేవాళ్లెవరూ లేరు గనక ఆయనే వేయించుకున్నారు, పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సులో. రాసేదీ ఆయనే, అమ్మేదీ ఆయనే, పాఠం చెప్పేదీ ఆయనే అని తోటి లెక్చరర్లు ఎగతాళి చేశారట. ఆ సంగతి క్లాసులో ఆయనే చెప్పి నవ్వారు. "నా పాఠం మీకు అర్థం కాలేదని రాసినానప్పా. రాసింది గూడా అర్థం కాకపోతే తప్పు మీది కాదని తేలిపోతాది." కొనమని ఎవరినీ ఒత్తిడి చేయలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి పెట్టుకుంటే చాలనేవారు.

ఆ ప్రెస్సులో బైండింగు లేదు. అచ్చయిన ఫారాలను, ఇంకా మడవని ఆ పెద్ద కాగితాలను, సైకిల్ క్యారియర్ మీద కట్టుకుని క్లాసుకు తెచ్చి, ఏం చేయాలో తోచక గుండుసూదులు పట్టుకుని నిలబడ్డారు. వెనక బెంచీలో నిడుగల్లు పిల్లవాడొకడు లేచి, శెనక్కాయ మూటలు కుట్టే చేతులకు ఇదొక లెక్కా అన్నాడు. మరునాడు అందరి సంచుల్లో దబ్బనాలు, పురికొసలు. కాగితాలు మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, మడత మీద కుట్టాం. సారు కుట్టినది వంకర పోయింది. ఈ మూట మిల్లు చేరేలోపలే కారిపోతుందని ఆడపిల్లలం ఆటపట్టించాం. అప్పటినుంచీ ఏ బ్యాచి పుస్తకాలు ఆ బ్యాచే కుట్టుకునేది. "పుస్తకం రాసినోనిది కాదు, కుట్టినోనిది" అని ఆయన మాట.

రెండో భాగం రాసేటప్పుడు ప్రతి పాఠమూ ప్రెస్సుకు ఇచ్చేముందు మాకు చదివి వినిపించేవారు. నష్టమని తెలిసిన పనిని మనిషి మానుకుంటాడని ఒకరోజు చదివారు. నేను లేచాను. "మానుకోకుండా మా నాయన ప్రతి యేడూ శెనక్కాయ ఏంటికి ఏస్తాడు సార్?" క్లాసంతా నవ్వింది. నేను నవ్వులాటకు అడగలేదు. ఆ వారమంతా మా ఇంట్లో అదే మాట నలుగుతోంది: విత్తడమా, ఇల్లు తాళం వేసి బెంగళూరు కూలికి పోవడమా. ఇల్లు కదిలితే నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

సారు చదువుతున్న కాగితం బల్ల మీద పెట్టి, "నాకు తెలీదు మ్మా" అన్నారు. లెక్చరర్ ఆ మాట అనగా వినడం నాకదే మొదలు.

ఆ ఆదివారం మా ఊరు వచ్చే మంగళవాడ బస్సు దిగి మా ఇంటికే వచ్చారు. నన్ను చదివించమని చెప్పడానికేమో అనుకున్నాను. అందుకు కాదు. విత్తనం కాయలు ఒలుస్తున్న మా నాయన పక్కన కూర్చుని, నేను అడిగిన ప్రశ్ననే ఆయన్ను అడిగారు. ఇరుగుపొరుగు చేరారు. నాయన కాయల కుప్పలోకి చూస్తూ అన్నాడు: "వాన వచ్చిన పొద్దు ఇత్తనం ఇంట్లో పెట్టుకొని కూర్చుంటే, వానకు ఏం మొగం చూపించేది సార్?"

బాగా చెప్పినావని పొరుగాయన తొడ చరిచాడు. సారు ఆ మాట మళ్లీ చెప్పించుకున్నారు. కొన్నాళ్లకు ప్రెస్సు నుంచి ప్రూఫు తెచ్చి చూపిస్తే, నడిమి పుటలో నా ప్రశ్న, కింద మా నాయన మాట. చదువురాని నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

నాయన విత్తాడు. పైరు పచ్చగా లేచి పూత పట్టింది. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన ఆగిపోయింది. నేల రాయిలా బిగిసిపోయి ఊడలు దిగలేక గాలిలోనే ఎండాయి. చెట్లు పీకి గొర్రెలకు వేసి, నన్ను హాస్టల్లో వదిలి, అమ్మా నాయనా బెంగళూరు పోయారు.

ఆ తర్వాత ఫారాలు వచ్చాయి. కుట్టడానికి కూర్చుని చూస్తే నడిమి పుటలో నా ప్రశ్న మాత్రమే ఉంది. కింద అంతా ఖాళీ. ప్రెస్సువాళ్ల పొరపాటనుకున్నారు అందరూ. నేను వెళ్లి సారునే అడిగాను.

"మీ నాయన ఎటూ తేల్చుకోకుండా ఉన్నింటాడు. నేను పోయి కూర్చుంటి. నలుగురిలో అంత మాట అన్నాక మనిషి ఇత్తకుండా ఉంటాడా మ్మా? ఆ మాట అనిపించింది నేను. దాన్ని అచ్చేసి పాఠం ఎట్ల చెప్పేది?"

మీ జవాబైనా రాయండి సార్ అన్నాను.

"తెలిస్తే రాయనా?" అన్నారు.

రిటైరయ్యేవరకు ఆ పుస్తకం ఎన్నోసార్లు అచ్చయింది. ధరలు మార్చారు, ఉదాహరణలు మార్చారు. నడిమి పుట మాత్రం అట్లాగే ఉంచారు.

నాయన మళ్లీ సేద్యం చేయలేదు. బెంగళూరులో ఎవరిదో మేడకు వాచ్‌మన్‌గా ఉండి అక్కడే పోయాడు. బతికుండగా ఒకసారి అడిగితే, "ఆ సారు రాకపోయినా ఏస్తుంటి మ్మా" అన్నాడు. నేను పనిగట్టుకుని పావగడ వెళ్లి ఆ మాట సారుకు చెప్పాను. ఆయన మెల్లగా నవ్వారు. "అట్ల కాక ఇంకెట్ల అంటాడు మీ నాయన?"

ఎవరి మాట నమ్మాలో నాకు ఈనాటికీ తెలియదు. నాయన ఆయన మీద దయతో అన్నాడేమో. సారు అక్కర్లేని బరువు మోశారేమో. నేనూ ఇప్పుడు పాఠాలు చెప్పుకు బతుకుతున్నాను. తెలియనిది పిల్లలు అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పేస్తుంటాను. చెప్పి ఇంటికి వచ్చాక ఆ పుట గుర్తొస్తుంది.

నిన్న పావగడ వెళ్లాను. సారు భార్య ఏడవలేదు. వసారాలో గోనెసంచి చూపించి, చివరిసారి అచ్చయినవి, కుట్టేవాళ్లు లేక అట్లే ఉండిపోయాయంది. "పారేయమన్లేదు, ఎవరికన్నా ఇయ్యమన్లేదు. ఒకటి కుట్టుకొని పో మ్మా" అని దబ్బనం చేతికిచ్చింది.

ఫారాలు పచ్చబడి పెళుసెక్కాయి. మడత మీద మెల్లగా పొడుస్తూ, పురికొస లాగుతూ కుట్టాను. వంకర పోయింది. ముడి వేసేముందు దారం సరిగా పడిందో లేదోనని నడిమి పుట విప్పాను. పైన నా ప్రశ్న. కింద తెల్లటి కాగితం. మడత పొడుగునా, విత్తే గొర్రు సాలులో గింజలు వదిలినట్టు, దబ్బనం పొడిచిన గుంతలు ఎడం ఎడంగా కిందిదాకా ఉన్నాయి.